మా ఆవిడా, ఆస్ట్రేలియా ఫుట్‌బాలూ

మా ఆవిడ ఇంతవరకూ ఆస్ట్రేలియాలో కాలు పెట్టలేదు. అయినా ఆ దేశం వాళ్ళ ఫుట్‌బాల్‌ని లండన్ శివారు హారోలో కాపురం ఉంటూ కొన్నేళ్ళు ఆడింది, ఆ తర్వాత ఆడించింది. తెనాలిలో మావాళ్ళకి చెబితే ఇప్పటికీ సగం మంది నమ్మరు. మిగతా సగం మంది సాకర్ అనుకుని తలూపుతారు.

సాకర్ కాదు. ఇందులో బంతి కోలగా ఉంటుంది. కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు. కాకపోతే పరిగెత్తేటప్పుడు మధ్యమధ్య దాన్ని నేలకి కొట్టి మళ్ళీ అందుకోవాలి. పక్కవాళ్ళకి ఇవ్వాలంటే విసరకూడదు, ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్దాలి. ఈలోగా అవతలి జట్టువాళ్ళు వచ్చి నడుం వాటేసుకుని పడేస్తారు. మొదటిసారి చూసినప్పుడు, పండగ ముందు రోజు బస్సులో సీటు కోసం జరిగే కొట్లాటకీ దీనికీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు.

మా ఆవిడది ఒంగోలు పక్క. డిగ్రీ అయ్యేదాకా కబడ్డీ ఆడింది, యూనివర్సిటీ జట్టుకి కూడా వెళ్ళింది. పెళ్ళిచూపుల్లో ఆ మాట వాళ్ళ నాన్న చెప్పబోతే వాళ్ళమ్మ ఆయన్ని కాఫీ తెమ్మని లోపలికి పంపేసిందట. హారో వచ్చాక ఒక జీపీ సర్జరీలో, అంటే మన వీధి డాక్టరు క్లినిక్ లాంటి దాంట్లో, రిసెప్షన్‌లో చేరింది. అక్కడ పనిచేసే నర్సు ఆస్ట్రేలియా ఆవిడ. గట్టి మనిషి, గట్టి గొంతు, చెవి దగ్గర పాత దెబ్బ తాలూకు మచ్చ. చిన్నప్పుడు అన్నలతో పాటు పొలంలో ఈ ఆట ఆడి పెరిగిందట. లండన్‌లో ఆడవాళ్ళ జట్టు ఒకటి నడిపేది. కెప్టెనూ ఆవిడే, కోచూ ఆవిడే.

ఒక శుక్రవారం లంచ్ టైంలో ఆవిడ మా ఆవిడని అడిగింది: "రేపు మ్యాచ్‌కి మనిషి తక్కువ. నువ్వేదో ఆట ఆడేదాన్నన్నావుగా, వచ్చి ఊరికే నిలబడు చాలు."

మా ఆవిడకి ఊరికే నిలబడటం చేతకాదు. ఆ శనివారం అవతలి జట్టు పిల్ల బంతితో దూసుకొస్తుంటే, కూతకొచ్చిన దాన్ని పట్టినట్టు వంగి కాలిమడమ పట్టేసింది. ఆ పిల్ల బొక్కబోర్లా పడింది. రెఫరీ ఈల వేశాడు, మోకాలికి కింద పట్టుకోవడం తప్పన్నాడు. మా ఆవిడ సారీ చెప్పింది, కాసేపటికి మళ్ళీ అదే పని చేసింది. నర్సు దూరం నుంచి నవ్వుతూనే అరుస్తోంది: "పైకి పట్టుకో! పైకి!"

ఇంటికొచ్చేటప్పుడు ట్యూబ్ రైల్లో మోకాళ్ళకి మట్టి, మోచేతికి గీరు. ఎదురు సీటులో ముసలాయన ఆవిడ బూట్లవంక చూస్తున్నాడు. "ఎలా ఉందే?" అని అడిగాను. "ఏవండీ, పన్నెండేళ్ళయింది మనిషిని పట్టి పడేసి" అంది. ఆ మొహం వెలిగిపోతోంది.

అలా మొదలైంది. నడుం దగ్గర పట్టడం వారంలో నేర్చుకుంది. బంతి మాత్రం మాట వినేది కాదు. కోల బంతి నేలకి కొడితే ఎటు లేస్తుందో దానికే తెలియదు. ఫ్లాట్స్ వెనక సందులో రోజూ సాయంత్రం కొట్టుకుంటూ తిరిగేది. కింది ఫ్లాట్ ఆయన కౌన్సిల్ ఆఫీసుకి కంప్లైంట్ చేస్తానన్నాడు. మరుసటి వారం ఆయనే కిటికీలోంచి తల పెట్టి, "మొనని కాస్త ముందుకి వంచి కొట్టమ్మా" అని సలహా ఇచ్చాడు.

నర్సు మా ఆవిడని గోల్ దగ్గర కాపలా పెట్టింది. అక్కడే స్థిరపడింది. గోల్స్ కొట్టే రకం కాదు మా ఆవిడ, కొట్టనివ్వని రకం. నేను మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని గట్టు మీద నుంచి చూసేవాణ్ణి. "డాడీ, మమ్మీ ఈజ్ వెల్ స్కేరీ" అనేది అది గర్వంగా. ఇక్కడి పిల్లల భాషలో 'వెల్' అంటే 'చాలా' అని.

మూడో వేసవి చివర్లో షెఫీల్డ్ వెళ్ళారు ఆడటానికి, వెంట నేనూ వెళ్ళాను. వాన పడి నేల జారుతోంది. ఎవరూ తోయలేదు, ఎవరూ పట్టుకోలేదు. తనంతట తను పక్కకి తిరగబోయింది, పాదం మట్టిలో ఉండిపోయి మోకాలు తిరిగింది. పడ్డాక అరవకపోవడం చూసి నాకు భయం వేసింది. నర్సు పరిగెత్తుకొచ్చి మోకాలు తడిమి చూసి, తన కోటు తీసి మా ఆవిడ మీద కప్పింది. లిగమెంటు తెగిందని తర్వాత స్కాన్‌లో తేలింది.

ఆపరేషన్‌కి చలికాలం అంతా ఎదురుచూడాల్సి వచ్చింది. డేటు వచ్చాక సాయానికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. అమ్మకి ఈ ఆట సంగతి ఫోన్లో సగమే చెప్పాం. ఇంట్లో మూలనున్న బంతి చూసి, "పీచు తీయని కొబ్బరికాయలా ఉంది. దీనికోసమా కాలు పోగొట్టుకుంది?" అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ మా ఆవిడ మొహంలో కళ పోయింది. సోఫాలో కాలు చాపుకుని కూర్చుని, జట్టు వాట్సాప్ గ్రూపు చూడటం కూడా మానేసింది. నోటికి మాత్రం సెలవు లేదు. అమ్మకి పులుసు ఎలా పెట్టాలో చెప్పేది, నా చేత అవే బట్టలు మూడుసార్లు మడత పెట్టించేది.

మార్చిలో ఒకరోజు నర్సు ఇంటికొచ్చింది. చేతిలో పువ్వులు, మొహంలో ఇబ్బంది. వాళ్ళ నాన్నకి ఒంట్లో బాగాలేదట, ఆస్ట్రేలియా వెళ్ళిపోతోంది, మళ్ళీ రాకపోవచ్చు.

"జట్టుని నువ్వు చూసుకో" అంది మా ఆవిడతో.

"నేనా? నాకింకా సగం రూల్సు రావు. నడవడానికే కర్ర కావాలి."

"రూల్సు పుస్తకంలో ఉంటాయి. నడవక్కర్లేదు, నిలబడి అరవాలి."

మా ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది. అమ్మ పక్కన కూర్చుని కొత్తిమీర వలుస్తూ, "ఏమంటోందిరా ఆవిడ?" అని నన్నడిగింది. చెప్పాను. అమ్మ కాడలు పక్కన పెట్టి కోడలివైపు తిరిగింది.

"కదలకుండా కూర్చుని నన్నూ, వీణ్ణీ నెల రోజుల్నించి ఆడిస్తూనే ఉన్నావుగా. వెళ్ళి వాళ్ళని కూడా ఆడించు."

మా ఆవిడకి నవ్వాగలేదు. దెబ్బ తగిలాక అంతగా నవ్వడం అదే మొదలు. నర్సుకి నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పబోయి, సరిగా రాక వదిలేశాను. ఆవిడకి అర్థమైనట్టే ఉంది, లేచి అమ్మకి చెయ్యిచ్చింది.

కోచ్‌గా మొదటి మ్యాచ్ ఘోరంగా ఓడిపోయారు. రెండోదీ అంతే. జట్టులో ఒక బస్సు డ్రైవర్ ఉండేది, బాగా పరిగెత్తే మనిషి. ఆవిడ మొహం మీదే అనేసింది: "అడ్డుకోవడం ఒక్కటే నేర్పుతున్నావు. మరి గోల్ కొట్టేదెప్పుడు?"

ఇంటికొచ్చి మా ఆవిడ ఆ కోపమంతా చపాతీ పిండి మీద చూపించింది. "నిజమేనండీ, నాకు తెలిసింది అదొక్కటే" అంది అన్నం తిన్నాక. మరుసటి ప్రాక్టీసులో ఆ డ్రైవర్ని పిలిచి, "ముందు ఆడేవాళ్ళకి నువ్వు నేర్పు, నాకూ నేర్పు" అని విజిల్ ఆవిడ చేతికిచ్చి తను గట్టున కూర్చుంది. ఆ డ్రైవర్ ఆ తర్వాత ఒక్క ప్రాక్టీసూ మానలేదు.

ఆ వేసవిలోనే వరంగల్ అమ్మాయి ఒకతె చేరింది. మాస్టర్స్ చదవడానికి వచ్చి, సర్జరీలో పేరు రాయించుకోవడానికి వెళ్ళి, రిసెప్షన్‌లో తెలుగు వినపడేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకుందట. మా ఆవిడ ఆదివారం భోజనానికి పిలిచింది, ఆ మర్నాడు ప్రాక్టీసుకి లాక్కెళ్ళింది. మంచి పొడగరి. ఎగిరి వచ్చే బంతిని గాల్లోనే అందుకునేది. కానీ ఎవరైనా దగ్గరికొస్తే బంతి వదిలేసి పక్కకి తప్పుకునేది.

"అక్కా, కింద పడాల్నంటే భయమైతది" అంది.

"పడటం నేర్పుతాను రా" అని మా ఆవిడ మా ఇంటికి తీసుకొచ్చి, ఫ్లాట్స్ వెనక గడ్డిలో పాత బొంత పరిచి, భుజం ఎలా ముడవాలో, ఎటు దొర్లాలో చూపించింది. తను పడటానికి లేదు కాబట్టి ఆ చూపించేదంతా నా చేత చేయించింది. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని, "తలకింద దిండన్నా వెయ్యవే, వాడికసలే మెడనొప్పి" అంది.

ఆ సీజన్‌లో నేను మర్చిపోలేని మ్యాచ్ జులైలో జరిగింది. అమ్మ తిరుగు ప్రయాణానికి ముందు వారం. అవతలివాళ్ళు అందరినీ ఓడిస్తున్న జట్టు. అమ్మ స్వెటర్ మీద కోటు వేసుకుని, నారింజ పళ్ళు ముక్కలు కోసి డబ్బాలో పెట్టుకొచ్చింది. విరామంలో ఆడేవాళ్ళు నారింజ ముక్కలు తింటారని ఎవరో చెప్పారు, అమ్మ వాటిమీద ఉప్పూ కారం చల్లింది. ఒకమ్మాయి ఉలిక్కిపడింది, తర్వాత ఇంకో రెండు అడిగి తీసుకుంది.

మావాళ్ళు ప్రాణం పెట్టి ఆడారు. మా ఆవిడ గీత పక్కన మోకాలికి పట్టీతో కుంటుతూ, ఇంగ్లీషులో అరవడం మొదలుపెట్టి తెలుగులో తేలేది. "పట్టుకో! వదలకు! లే, లే!" జట్టులో సగం మందికి ఆ మూడు మాటలూ వచ్చేశాయి.

చివరికొచ్చేసరికి ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. బస్సు డ్రైవర్ దూరం నుంచి తన్నిన బంతిని వరంగల్ అమ్మాయి ఇద్దరి మధ్య ఎగిరి పట్టుకుంది. ఇద్దరూ మీద పడ్డారు. ఆ పిల్ల దొర్లింది, బంతి మాత్రం వదల్లేదు. అప్పుడే హారన్ మోగింది. ఈ ఆటలో అలా గాల్లో పట్టుకున్నవాళ్ళకి, హారన్ మోగినా సరే, ఎవరూ అడ్డురాకుండా ఒక తన్ను తన్నుకునే హక్కు ఉంటుంది. ఎదురుగా నాలుగు గుంజలు. నడిమి రెండింటి మధ్య పోతే ఆరు పాయింట్లు, పక్క గుంజల మధ్య పోతే ఒకటి.

ఆ పిల్ల బంతి పట్టుకుని గుంజలవంక చూసింది. "అక్కా, నాతోని గాదు" అని అరిచింది.

మా ఆవిడ గొంతు పెంచలేదు. "అటు చూడకు. బంతి ఒక్కటే చూడు. పోతే పోయింది, ఇంటికెళ్ళి పప్పన్నం తిందాం."

తన్నింది. బంతి నేరుగా వెళుతున్నట్టే వెళ్ళి చివర్లో కుడికి వంగి, పక్క గుంజల మధ్యనుంచి పోయింది. ఒక పాయింటు. లెక్క సరిసమానం.

మావాళ్ళంతా ఆ పిల్ల మీద పడి వాటేసుకున్నారు. బస్సు డ్రైవర్ ఏడుస్తోంది.

"ఎవరు గెలిచార్రా?" అంది అమ్మ.

"ఎవరూ గెలవలేదమ్మా."

"మరెందుకురా అంత సంబరం?" అంటూనే అమ్మ డబ్బా పట్టుకుని గ్రౌండులోకి నడిచింది. అవతలి జట్టువాళ్ళకి కూడా నారింజ ముక్కలు పంచింది.

ఆ సీజన్‌లో వాళ్ళు గెలిచింది ఒక్కటీ లేదు. పై ఏడాది కొన్ని గెలిచారు. ఆస్ట్రేలియా నుంచి నర్సు వీడియో కాల్ చేసినప్పుడల్లా మా ఆవిడ ముందు ఓడిన మ్యాచ్‌ల గురించే చెబుతుంది, గెలిచినవి ఆవిడ అడిగితేగానీ చెప్పదు.

పోయిన ఏడాది మా ఆవిడ కోచ్ పని వదిలేసింది. మోకాలు బాగయింది, మళ్ళీ ఆడతానంది. వరంగల్ అమ్మాయికి ఇక్కడే ఉద్యోగం వచ్చింది, జట్టు ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. మొన్న శనివారం నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. మా ఆవిడ ఎప్పట్లాగే గోల్ దగ్గర కాపలా కాస్తోంది, కానీ ఊపిరి అందడం లేదు, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతోంది.

గీత పక్కనుంచి ఆ అమ్మాయి పిలిచింది: "అక్కా, జర బయటికి రా. వేరే ఆమెను దింపుతున్న."

"నేను బాగానే ఉన్నానే! ఇంకాసేపు ఆడతాను" అంది మా ఆవిడ.

"కోచ్ నువ్వా, నేనా?"

మా ఆవిడ సణుగుతూ బయటికొచ్చి నా పక్కన కూలబడింది. నీళ్ళ సీసా అందించాను. గడగడా తాగి, మూతి తుడుచుకుని, గీత పక్కన అరుస్తున్న ఆ అమ్మాయివంక చూసింది.

"దాని పద్ధతి బాగుందండీ" అంది.