క్యాథరిన్ తీయించిన పల్లం

మా వైపు ఇల్లు కట్టేవాడు ముందు పక్కవాడి స్థలం ఎంత ఎత్తుందో చూస్తాడు. దానికన్నా జానెడు ఎక్కువ మెరక చేసుకుంటేగానీ వాడికి నిద్ర పట్టదు. తన వాన నీళ్లు ఎవరి వాకిట్లోకి పోతాయో వాడికి అక్కర్లేదు.

నా చెల్లెలి కూతురు క్యాథరిన్‌ది అలాంటివాళ్లతోనే పని. స్థలానికి వాలు ఎటుండాలో, కాలవలు ఎక్కడో, ఏ చెట్టు ఎక్కడో గీసిచ్చి, దగ్గరుండి చేయిస్తుంది. ఏలూరులో చిన్న ఆఫీసు. మొక్కలమ్ముతుందా అని అడిగేవాళ్లకు జవాబు చెప్పి నాకు విసుగొచ్చింది గానీ తనకు రాలేదు.

గణపవరం దగ్గర గంగాధరరావుగారని, పాత చేపల చెరువు పూడ్చి ఫంక్షన్ హాలు కట్టారు. అందులో మొదటి పెళ్లి ఆయన కూతురిదే. బయటి స్థలమంతా క్యాథరిన్‌కి అప్పజెప్పారు. ఇంత పెద్ద పని ఆమెకు అదే మొదలు. బాగా కుదిరితే మేమూ పిలుస్తామని మరో రెండు హాళ్లవాళ్లు అన్నారు.

ఆమె గీసినదాంట్లో నేల వెనక్కి వాలుతుంది. వెనక గోడ దగ్గర వెడల్పాటి పల్లం. వాన నీళ్లు అందులో ఆగి, నిదానంగా పక్కనున్న బోదె కాలవలోకి పోతాయి. ముందు వాలు, తర్వాత కాలవలు, ఆఖర్న పచ్చిక. గంగాధరరావుగారికేమో పెళ్లినాటికి అంతా పచ్చగా కనపడాలి. ఆమె ఏలూరులో ఉండగానే టిప్పర్లతో మట్టి తోలించి, వెనక గోడదాకా మెరక చేయించేశారు. ఆ గోడ అవతల నేను పుట్టి పెరిగిన చర్చి పేట. నా చిన్ననాటి నేస్తం కనకరత్నం ఇల్లు గోడకి ఆనుకునే ఉంటుంది.

మట్టి తోలిన మర్నాడు నేను కనకరత్నం ఇంట్లో ప్రార్థన కూటానికి వెళ్లి ఉన్నాను. క్యాథరిన్ హాలు దగ్గరికి వచ్చి, ఆ మట్టి తీయించమని గంగాధరరావుగారిని అడిగింది. ఆయన కుదరదన్నారు, కాదంటే ఈ పనికి రాజమండ్రి నుంచి వేరేవాళ్లని పిలుచుకుంటామన్నారు. ఆమె గొంతు పెంచలేదు.

“మీ రెండో చెరువు నీళ్లింజను ఒక్కసారి వేయించండి. ఈ మెరక మీదికి నీళ్లు వదిలి చూద్దామండీ.”

ముందు కనకరత్నాన్ని అడిగి, పొయ్యి కట్టెలు అరుగు మీద పెట్టించింది. తర్వాతే ఇంజను వేయించింది. నీళ్లు కాసేపు అటూ ఇటూ చూసి, గోడ కింద కంతల్లోంచి తిన్నగా కనకరత్నం వాకిట్లోకి వచ్చాయి.

కనకరత్నం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గోడ మీదుగా పలకరించింది. “ఏవండీ, పెళ్లికి మమ్మల్ని ఇలా పిలుస్తున్నారాండీ?”

చెరువుల మీద బతికినాయన, నీళ్లతో వాదించలేదు. ఇంజను ఆపించారు.

“అయితే పెళ్లికి పచ్చిక ఉండదన్నమాట,” అన్నారు.

“ముందు వైపు ఉంటుందండీ. వెనక బురదే. అక్కడా పచ్చిక ఉంటుందని మీకు అబద్ధం చెప్పలేను.”

ఆయన గోడ మీదుగా నీళ్లు నిలిచిన ఆ వాకిలి చూసి, మట్టి తీయించమన్నారు.

పెళ్లిలో చుట్టాలు చెప్పులకంటిన బురద దులుపుకుంటూ, ఇదెవరు చేసిన పనని అడిగారు. క్యాథరిన్ అక్కడే నిలబడి, నేనేనండీ అని చెప్పింది. మూతి విరిచినవాళ్లలో ఆ రెండు హాళ్లవాళ్లూ ఉన్నారు.

వానాకాలంలో వాయుగుండం పట్టి రోడ్డు మునిగింది. తెరిపి ఇవ్వగానే నేనూ క్యాథరినూ వెళ్లాం. పల్లం నిండుగా ఉంది. కనకరత్నం వాకిట్లో పైనుంచి పడ్డ తడే తప్ప పారిన నీళ్ల జాడ లేదు. కనకరత్నం టీ ఇచ్చి, ఆ పల్లంలో కప్పల గోలకి కంటి మీద కునుకు లేదని ఇద్దర్నీ కలిపి తిట్టింది.

ఆ రెండు హాళ్లవాళ్లు ఇంతవరకూ ఫోన్ చెయ్యలేదు. క్యాథరిన్ మాత్రం ఆ రోజు తిరిగొస్తూ, ఆ కప్పల మాట తలచుకుని ఏలూరు దాకా నవ్వుతూనే ఉంది.