తోడు చచ్చిపోయిన తొట్టి

పొద్దున అల్మాస్‌గూడలోని మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఒక వార్త కనిపించింది. పుట్టుకతో వచ్చిన రక్తజబ్బును జన్యువులను కత్తిరించి నయం చేస్తున్నారట. ఆ కత్తెర మనిషి కనిపెట్టింది కాదు, వైరసుల బారినుంచి తప్పించుకోవడానికి బ్యాక్టీరియా ఏనాడో సిద్ధం చేసుకున్నదేనట. మైక్రోబయాలజీ చదివి, ఉద్యోగమంతా డెయిరీల్లోనే వెళ్లదీసిన నాకు ఆ వార్త చదివి సంతోషం కలగాలి. కోపం వచ్చింది. ఇన్నేళ్లకు చల్లారిందనుకున్న కోపం, చేతిలో కాఫీ సయించనంత కోపం.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు నా ఈడువాళ్లకు బాగా గుర్తుండే ఉంటాయి. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఏ పూట రాస్తారోకో మొదలవుతుందో, నల్లగొండ బస్సులు ఎక్కడ ఆగిపోతాయో ఎవరికీ తెలిసేది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగుకొచ్చిన పిల్లలు బ్యాగులు వీపున వేసుకుని మైళ్లకు మైళ్లు నడిచిపోయేవాళ్లు. ఆ చౌరస్తా వెనక సందులో, ఇప్పుడు లేని ఒక చిన్న డెయిరీలో నేను ల్యాబు చూసేదాన్ని. యజమాని ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. మా మేనత్త అక్కడే తొట్లు కడిగి, కాచి చల్లార్చిన పాలకు తోడు వేసేది. పోచంపల్లి దగ్గరి ఊళ్లో మగ్గం మూలపడ్డాక పట్నం చేరిన మనిషి; నేను ఎమ్మెస్సీ చదివినన్నాళ్లూ తన కిరాయి గదిలో నన్ను పెట్టుకుని, తాను గడప దగ్గర ముడుచుకుని పడుకుని, నాకు ఫ్యాను కింద చాప పరిచిన మనిషి.

ఒకరోజు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. అత్త సెలవు చెప్పి వెళ్లి, నడిరోడ్డు మీద రాళ్లపొయ్యి పెట్టి అందరితోపాటు వండి వడ్డించి, పొగకు ఎర్రబడ్డ కళ్లతో సంబరంగా వచ్చి, సాయంత్రం ఎప్పటిలాగే పాలకు తోడు వేసింది. తెల్లారి చూస్తే తొట్టెడు పాలు పాలలాగే ఉన్నాయి. పుల్లబడలేదు, గట్టిపడలేదు.

యజమాని అందరి ముందూ అత్తను నిలబెట్టాడు. నాతో మాట్లాడుతున్నట్టు ఆమెకు తగిలేలా, "నిన్న రోడ్డెక్కిందిగా, మన పాలల్లో ఏం కలిపిందో అడగండి మేడమ్" అన్నాడు.

"ఏండ్లసంది తోడేస్తున్న సారూ. నా చేతుల పాలు నేనే ఖరాబ్ చేసుకుంటనా?" అంది అత్త.

రేపటి నుంచి రావద్దన్నాడు. పక్కనున్న కోస్తావాళ్లూ తెలంగాణవాళ్లూ పొద్దున కలిసి టీ తాగేవాళ్లే. ఆ క్షణం అందరికీ నేల మీది గచ్చే కనిపించింది. అదీ నా కడుపుమంట. నేను అడ్డుపడితే, మీ అత్త కాబట్టి మీరు అలాగే అంటారన్నాడు. మర్నాడు ఆమె లేకుండా వేసిన తొట్టీ తోడుకోలేదు. దానికి ఆయన సమాధానం, ముందే ఏదో చేసి వెళ్లి ఉంటుందని!

నాకు అనుమానం వేరే ఉంది. ఆ డెయిరీలో ఏళ్లతరబడి ఒకే తోడు, నిన్నటి పెరుగుతో ఇవాళ, ఇవాళ్టిదానితో రేపు. తోడు మార్చి మార్చి వాడాలని నేను చెప్పినప్పుడల్లా, రుచి కుదిరింది కదా, ఎందుకు మార్చడం అని కొట్టిపారేసేవాడు. ఒకే రకం బ్యాక్టీరియా అన్నాళ్లు ఒకేచోట ఉంటే, దాన్ని తిని బతికే వైరసు ఏదో ఒకనాడు పచ్చిపాలలోనో గాలిలోనో వచ్చి పడుతుంది. చెడిన తొట్టిలోని పాలను విరిచి, ఆ తేటను బ్యాక్టీరియా కూడా దూరలేనంత సన్నని వడపోతలో వడగట్టాను. రెండు సీసాల పాలలో ఒకే మంచి తోడు వేసి, ఒకదాంట్లో ఆ తేట చుక్కలు కలిపాను. చుక్కలు పడని సీసా గడ్డపెరుగైంది. రెండోది నీళ్లలా ఉండిపోయింది. సీసాలు తీసుకెళ్లి యజమాని బల్ల మీద పెట్టి, ఇది మనుషుల పని కాదు, వైరసు పని అని విడమరిచి చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. సీసాలు తిప్పి తిప్పి చూశాడు. ఆఖర్న, "సరేనమ్మా, వైరసే. మరి దాన్ని ఎవరు తెచ్చారు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

అయినా నా పని నేను చేశాను. చెడిన తొట్టి గోడకు ఒకచోట ఆలస్యంగా కాస్త చిక్కదనం కనిపించింది. అంటే అంత చావులోనూ కొన్ని బతికాయన్నమాట. వాటిని తీసి పెంచాను. ఆ వైరసును మళ్లీ మళ్లీ మీద పోసినా చావలేదు. దాడికొచ్చిన వైరసు జన్యువులోంచి చిన్న ముక్కను ఇలాంటి బ్యాక్టీరియా తనలో దాచుకుంటుందని, అదే మళ్లీ వస్తే ఆ ముక్కతో పోల్చి చూసి, ఈ పొద్దున పేపర్లో చదివిన ఆ కత్తెరతోనే నరికేస్తుందని, తన పిల్లలకూ ఆ గుర్తును ఇస్తుందని అప్పుడప్పుడే పరిశోధకులు తేలుస్తున్నారు. నేను పట్టుకున్నవి అలాగే బతికాయో, మరో దారిన బతికాయో తేల్చే సాధనాలు నా దగ్గర లేవు. పాలు మాత్రం తోడుకున్నాయి. డెయిరీ నిలబడింది.

అప్పుడు యజమాని అత్తకు నాతో కబురు పంపాడు, జరిగింది తాను మర్చిపోయానని, వచ్చి పనిలో చేరమని.

అత్త చేటలో బియ్యం ఏరుతూ వింది. "మర్చిపోయిండా? నేను తప్పు చేస్తే గదా బిడ్డా ఆయన మర్చిపోవుడు! నన్ను గంతమందిల నిలబెట్టిండు, గంతమందిల తప్పైందని చెప్పమను, ఒస్తా."

ఆయన చెప్పలేదు. ఆమె వెళ్లలేదు. నేనూ ఆ నెలాఖరుకే మానేశాను. నేను పెంచిన తోడు మాత్రం అక్కడే ఉండిపోయి, ఆయనకు చాన్నాళ్లు పెరుగు చేసి పెట్టింది. అత్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో పోచంపల్లి చీరలు విప్పి చూపించే పనిలో కుదిరింది. అక్కడ కొనడానికొచ్చిన ఆడపిల్లలు కొందరు ఆమె మాట తీరుకు మొహాలు చూసుకుని నవ్వుకునేవాళ్లు. ఆమె విననట్టే చీర మడతపెట్టేది. రాష్ట్రం వచ్చిన ఏడాది స్వీట్లు పంచింది. తర్వాత ఎక్కువకాలం లేదు.

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి ఆ షాపు వైపు నడిచాను. బట్టల షాపుల హోర్డింగులన్నీ ఆమె యాసలోనే పిలుస్తున్నాయి, జర ఒచ్చి చూడుండ్రి అంటూ, అంతంత అక్షరాలతో. ఎవరూ నవ్వడం లేదు. ఆ మార్పుకు ఆనందపడదామనే కాసేపు నిలబడ్డాను, కానీ ఆమెకు రావలసిన, తప్పైందన్న ఆ ఒక్క మాట ఇక ఎవరూ చెప్పలేరు కదా అనిపించి, జనంలో పడి వచ్చేశాను.