లేక్ మీద దొరికిన అంకుల్

ఈ రోజు మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ వెనుక గడ్డకట్టిన లేక్ వరకు నడిచాను. రూమ్మేట్లిద్దరూ ఉద్యోగాలొచ్చి వెళ్లిపోయాక సెలవు రోజుల్లో నాతో మాట్లాడేవాళ్లే లేరు. ఐస్‌కు రంధ్రం చేసి ఒక పెద్దాయన ఒంటరిగా చేపలు పడుతున్నాడు. ఒడ్డు నుంచే ఇంగ్లీషులో అరిచాను.

"అంకుల్, ఐస్ మీదికి రావచ్చా?"

ఆయన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాడు.

"నన్నేనా? నాకు అక్కచెల్లెళ్లే లేరు, మేనకోడలెక్కడిది?"

"మాకు పెద్దవాళ్లంతా అంకుల్సే!"

"అయితే అంకుల్ మాట విను. ఇటు ఐస్ పలచగా ఉంది, అక్కడే ఆగు."

చుట్టూ తిరిగి ఆయనే ఒడ్డుకొచ్చి, అప్పుడే పట్టిన రెండు చేపలిచ్చాడు.

"తలలు తీసేయనా?"

"వద్దంకుల్, పులుసులో తలే రుచి!"

ఆయన చాలాసేపు నవ్వాడు. ఇవాళ నేను విన్న మనిషి నవ్వు అదొక్కటే.

ఇంటికొచ్చి చింతపండు పిసికి పులుసు పెట్టాను. బాగా కుదిరింది, కానీ ఆ మాట అనడానికి ఎదురుగా ఎవరూ లేరు. మిగిలింది రేపు ఆయనకు పట్టుకెళ్లాలని ఉంది. కారం మాత్రం మా అమ్మ వేసినంత వేసేశాను. ఇప్పుడు కొబ్బరిపాలు పోస్తే తగ్గుతుందా? తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.