కడగని చేతులు

సర్జికల్ వార్డులో నర్సుగా చేరి అప్పటికి రెండేళ్లు. చేతులు కడిగి కడిగి వేళ్ల సందుల్లో చర్మం పగిలిపోయేది. గోపాలపట్నంలో ఇంటికి వెళ్లి చారుకి చింతపండు పిసికితే భగ్గుమనేది. మంచం మారినప్పుడల్లా చేతులకు రాసుకోవలసిన శానిటైజర్ అంతకన్నా మంట. అందుకే ఎవరూ చూడనప్పుడు ఒక్కోసారి వదిలేసేదాన్ని. గ్లవ్స్ ఉన్నాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఆ ఉదయం కట్లు మార్చవలసినవాళ్లు చాలామంది, నర్సులం ఇద్దరమే. మొదటి మంచం మీద చీము పట్టిన కాలు. కట్టు మార్చి, గ్లవ్స్ తీసి, కొత్తవి తొడుక్కుని రెండో మంచానికి వెళ్లాను. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన పెద్దాయన, హెర్నియా ఆపరేషన్ అయి మూడో రోజు. ఆయన పని ముగించి మూడో మంచం దగ్గరకు వస్తే, అక్కడి రోగి భార్య అడ్డంగా నిలబడింది. జాలరిపేటలో చేపలమ్ముతుంది. భర్త చెయ్యి పడవ ఇంజన్‌లో నలిగింది.

"సేతులు కడగనేదు గదమ్మా," అంది.

"గ్లవ్స్ వేసుకున్నానమ్మా."

"తొడుగులు మార్సినావు, సేతులు కడగనేదు. నాను సూత్తనే ఉన్నాను. ఆ ముసిలాయన్నీ అలాగే ముట్టుకున్నావు."

అందరూ నావైపు తిరిగారు. ఈవిడా నాకు చెప్పేది అని ఒళ్లు మండింది. అయినా సింకు దగ్గరకు నడిచాను.

ఇంటికెళ్లినా కుదురు లేదు. కంచం ముందు కూర్చుని లేచిపోయాను. ఆదివారం చర్చిలో పాట మధ్యలో బయటికొచ్చి వార్డుకు ఫోన్ చేశాను, రెండో మంచం ఆయనకు జ్వరమేమైనా ఉందా అని. లేదన్నారు. సాయంత్రం మళ్లీ చేశాను. మర్నాడు జ్వరం వచ్చింది. కుట్ల చుట్టూ ఎర్రబడింది. డాక్టరుగారు రెండు కుట్లు విప్పి చీము తీశారు.

నేరుగా ఇన్‌ఛార్జి సిస్టర్ గదికి వెళ్లి జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ రాస్తున్న రిజిస్టరు మూసి లేచారు.

"నీవల్లే అని ఎవరూ చెప్పలేరు. నీవల్ల కాదనీ చెప్పలేరు. ముందు డాక్టరుగారికి చెప్పాల, తర్వాత ఆయనకి. పద, నానూ వస్తాను."

డాక్టరుగారు కేకలేయలేదు, జరిగిందంతా కాగితం మీద రాసిమ్మన్నారు. పెద్దాయనకు చెప్పడమే కష్టమైంది. ఆయన నా ముఖం చూడకుండా కిటికీవైపు చూస్తూ విన్నారు.

"నాకు షుగరుందని నీకు తెలుసు కదమ్మా," అన్నారు చివరికి.

అంతే. పది రోజులకు పుండు మానింది. ఆయన నడుచుకుంటూనే ఇంటికి వెళ్లారు, నాతో మాత్రం మాట్లాడలేదు.

ఇప్పుడు ఏ మంచం దగ్గరా వదలను. అయినా ఒక్కోసారి రోగి పక్కన నిలబడ్డాక, కడిగానా లేదా అని అనుమానం వస్తుంది. వెనక్కి వెళ్లి మళ్లీ కడుక్కుంటాను.