మామ్మగారి దగ్గర ప్రాక్టీస్

ఈ రోజు మా ఆసుపత్రి వార్డులో కొత్త నర్సులకు క్లాస్ తీసుకున్నాను. మూత్రం ఆపుకోలేని పెద్దవాళ్ల చర్మం ఒరిసిపోకుండా ఎలా చూసుకోవాలన్నది పాఠం. తడిసిన దుప్పటి వెంటనే మార్చాలి, గుడ్డతో రుద్దకూడదు, మెత్తగా అద్ది క్రీమ్ రాయాలి, పౌడర్ గుమ్మరించకూడదు. అన్నీ చెప్పాను.

చెప్పడం తేలికే. కిటికీ పక్క మంచంలోని మామ్మగారు మాత్రం తడిసినా చెప్పరు. అడిగితే "లేదమ్మా, పొడిగానే ఉన్నా" అంటారు. చీరల కొట్టు నడిపిన మనిషి, పదిమందిలో ఆ మాట ఎలా చెబుతారు? నడుం కింద చర్మం అప్పటికే ఎర్రగా కందిపోయింది.

కంకిపాడు నుంచి వచ్చే కొత్త నర్సు శిరీష కర్టెన్ లాగి, ఆవిడ చెవి దగ్గరకి వంగింది.

"మామ్మగారూ, దుప్పటి మార్చడం నాకింకా సరిగ్గా రాదండీ. మీ దగ్గర కాస్త ప్రాక్టీస్ చేసుకోనా?"

"అయ్యో, దానికేముందమ్మా, నేర్చుకో" అంటూ ఆవిడే పక్కకి ఒత్తిగిల్లారు.

ఇక అక్కణ్ణించి తడిసినప్పుడల్లా ఆవిడే పిలుపు. "అమ్మాయ్, ప్రాక్టీస్‌కి రా!" వార్డంతా వినపడేలా, దర్జాగా.

ఇది నా పాఠంలో లేదు. శిరీషకి ఎన్ని మార్కులు వేయాలో మీరే చెప్పండి.

సాయంత్రం తన డ్యూటీ అయిపోయి వెళ్లిపోయింది. నేను అటుగా వెళ్తుంటే మామ్మగారు చేత్తో దగ్గరకి పిలిచి, "మేడమ్ గారూ, మీకు ప్రాక్టీస్ అక్కర్లేదా?" అన్నారు.

"ఎందుకక్కర్లేదండీ" అని గ్లవ్స్ తొడుక్కున్నాను.