రత్నకుమారి గారు పక్కన పెట్టిన సైటు

కరెంటు పోయి, బల్లకింద యూపీఎస్ కీచుమంటూ కూయడం మొదలుపెట్టింది. ఆ కూత వింటే నాకు ఫరంపేటలో మందుల షాపు పైనున్న గది, కిటికీ పక్కన కూర్చునే రత్నకుమారి గారు గుర్తొస్తారు. రెండువేల దశకం చివర్లో ఆవిడ దగ్గరే వెబ్‌సైట్ల పని నేర్చుకున్నాను. రొయ్యపిల్లల హేచరీలు, బడులు, లాడ్జీలు, ఇలా చాలామంది సైట్లు మా చేతిలో ఉండేవి. వాటికి అదనపు పనులు చేర్చే ప్లగిన్లు, రూపాన్ని దిద్దే థీములు అన్నీ ఒకే తెరమీద కనిపించేవి. ఒక్క నొక్కుతో అన్నిటికీ కొత్త వెర్షన్ వేసేయొచ్చు. మార్చకూడనివాటి పేర్లు ముందే ఒక గడిలో రాస్తే ఫిల్టరు వాటిని పక్కన పెట్టేది. ఆవిడ ఎప్పుడూ ఆ గడితోనే మొదలుపెట్టేవారు.

అందులో తప్పకుండా ఉండే పేరు, ఆ ఊరిని ఫ్రెంచివాళ్లు ఏలినప్పుడు కొలువు చేసినందుకు ఫ్రాన్సు నుంచి పింఛను అందుకునే కుటుంబాల సంఘం సైటుది. దాని థీమును ఆవిడ తమ్ముడు మోహన్ సవరించాడు. ఫ్రెంచి వివరాల కింద తెలుగు, ముసలి కళ్లకు ఆనేంత పెద్ద అక్షరాలు. ఆ మరుసటి ఏడే కామెర్లతో పోయాడు. కొత్త వెర్షన్ వేస్తే అతని సవరణలన్నీ చెరిగిపోతాయి.

మిగతా సైట్లకూ వాడిన ఆ థీములో ఒకసారి లోపం బయటపడింది. దాని గుండా దొంగలు సైట్లలోకి చొరబడుతున్నారని తెలిసి, అన్నిటినీ ఆ పూటే మార్చాల్సి వచ్చింది. ఆవిడ మామూలుగానే సంఘం పేరు గడిలో రాశారు. మాతో పనిచేసే శ్రీను ఉండబట్టలేకపోయాడు.

“తమ్ముడుగారి గుర్తని ఉంచేత్తన్నారాండి? రేపెవడైనా దూరితే ఆ ముసలోళ్ల వివరాలన్నీ పోతాయండి మేడంగారూ.”

నేనూ లోలోపల అదే అనుకున్నాను. ఆవిడ ముఖం ఎర్రబడింది; మీట నొక్కారు. మిగతావన్నీ మారిపోయి మేము భోజనాలకు లేస్తుంటే, ఆ ఒక్క సైటూ తెరిచి కూర్చున్నారు. నేను ఆగిపోయాను. మోహన్ రాసిన కోడు వరసలు ఒక్కొక్కటే చదివి, పనికొచ్చేవి కొత్త థీములోకి ఎక్కించారు. ఒకచోట అతని రాతలోనూ ఆ లోపం అల్లుకుపోయి ఉంది. ఆ భాగం చివర అతని పేరుంది. కాసేపు చూసి, మొత్తం చెరిపేశారు.

“వాడి గుర్తు కోసం కాదు,” అన్నారు నాతో, తెర వైపే చూస్తూ. “అన్నిటితో కలిపి చేసేస్తే అక్షరాలు చిన్నవైపోతాయి. ఆ పెద్దవాళ్లు మళ్లీ ఎవరినో బతిమాలి చదివించుకోవాలి. దీన్ని విడిగా చూడాలనే పక్కన పెట్టాను.”

ఇప్పుడు నా చేతికింద అంతకు ఎన్నో రెట్ల సైట్లున్నాయి. ఫిల్టరులో పేర్లు రాయడం ఎవరైనా ఇట్టే నేర్చుకుంటారు. మూకుమ్మడి పని ముగిసి అందరూ భోజనాలకు లేచాక, పక్కన పెట్టినవాటిని ఒక్కొక్కటే చూసేందుకు నేను కుర్చీ మళ్లీ దగ్గరకు లాక్కుంటాను. ఆకలి వేస్తూనే ఉంటుంది.