మూడు చరణాల నేరేడు సారం

పోయిన నెల బెంగళూరులో మనవరాలి ఇంట్లో ఉన్నప్పుడు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె స్నేహితులు నలుగురు ఎవరింట్లో వాళ్లు తయారుచేసుకున్న బీరు సీసాలు పట్టుకుని వచ్చారు. వాళ్లకది ఉద్యోగం కాదు, సరదా. చిన్న గ్లాసుల్లో పోసుకుని, వాసన చూసి, ఒకరిది ఇంకొకరు తాగి, ఇది చేదెక్కిందని, దీన్ని ఇంకో వారం ఆగనివ్వాల్సిందని వాదులాడుకుంటూ నాకూ ఒక గుక్క ఇచ్చారు. ఆ చేదు నాకు పట్టలేదు గానీ, ఆ వాదులాట మాత్రం ఎప్పుడో విన్నదే అనిపించింది.

నమ్ముతారో లేదో, ఉదయగిరిలో మేమూ ఈ పని చేసినవాళ్లమే. కొండ కింద నేరేడు పండ్లు రాలే రోజుల్లో మా అత్త, పెద్దాడబిడ్డ, తోడికోడలు, ఎదురింటి పిన్ని, నేను, ఐదుగురం ఎవరి జాడీలో వాళ్లం పండ్లు పిసికి, బెల్లం, నాలుగు లవంగాలు, గుప్పెడు గోధుమలు వేసి, మూతికి గుడ్డ కట్టి, రోజూ కొయ్యగరిటెతో తిప్పుతూ మూడు వారాలకు వడకట్టేవాళ్లం. తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక మా అత్త వసారాలో కూర్చుని ఒకరిది ఒకరం రుచి చూసేవాళ్లం. దాన్ని నేరేడు సారం అనేవాళ్లం. అందులో మత్తుందని మాత్రం ఎవరమూ అనం. సారా అంగడి ముందు చీపుర్లు పట్టుకుని నిలబడి దాన్ని మూయించినవాళ్లం మరి. అందుకని మాకొక కొలత ఉండేది. తాగినాక మనిషి అందుకున్న చర్చి పాట పల్లవితో ఆగితే అది పల్లవి సారం, ఇంకాస్త ముందుకు పోతే ఒక చరణం సారం. పిన్నిది ఏ ఏడైనా మూడు చరణాలూ పాడించేది.

ఎవరి సీసా ఎవరిదో తెలియడానికి మెడకు రంగు దారాలు కట్టేవాళ్లం. నలభై దాటాక నేను అక్షరాల బడికి పోయిన ఏడు, దారాలొద్దు, కాగితాల మీద పేర్లు రాసి అంటించమని ఆడబిడ్డ నాతో అంది. ఈ వయసులో పలకెందుకని ఇంట్లో రోజూ సణుగుడే, బడి మానిపించేటట్టే ఉన్నారు. ఇదొక్కటి సరిగ్గా రాసి చూపిస్తే ఇక ఎవరూ మానమనరని నా ఆశ.

ఆ ఆదివారం పాస్టరమ్మను కూడా పిలిచాం. ఆమె మొదటి సీసా ఎత్తి, అందరికీ వినబడేటట్టు చదివింది: అత్త నేరేడు సారా. రెండోది తిప్పింది: పిన్ని నేరేడు సారా. ఐదింటి మీదా అంతే. బడిలో మేం ముందుగా నేర్చుకున్న మాటల్లో అదొకటి. ‘సారా వద్దు’ అని గోడల మీద సుద్దతో రాసి రాసి, సున్న పెట్టాల్సిన చోట నా చెయ్యి తనంతట తానే దీర్ఘం ఇచ్చేసింది.

“ఆ అంగడి మూయించింది ఇందుకా, మనమే తెరిచినట్టుండాది!” అంది తోడికోడలు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రేపటి నుంచి బడి మానేస్తానని నేనే అనబోయాను.

మా అత్తకు ఒక్క అక్షరం రాదు. గ్లాసు కింద పెట్టి తోడికోడలి వైపు తిరిగింది. “తప్పు రాయడానికైనా చదువుండాల గదమే! నువ్వు రాయి చూస్తాం. రాయలేవు గదా, నోరు మూసుకుని తాగు.”

పాస్టరమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. కలం నా చేతికిచ్చి నువ్వే దిద్దమంది. ఐదు దీర్ఘాలు కొట్టేసి ఐదు సున్నలు పెట్టాను. ఒక సున్న కోడిగుడ్డంత వచ్చింది. తర్వాత ఆమె పిన్ని సీసా నుంచి అర గ్లాసు పుచ్చుకుని, కాసేపటికి మూడు చరణాలూ పాడేసింది. నా బడి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఐదుగురిలో ఇప్పుడు ఆడబిడ్డా నేనూ మిగిలాం. జాడీలు అటక మీంచి దిగి ఎన్నేళ్లయిందో. ఆమె ఆత్మకూరులో కొడుకు దగ్గరుంటుంది, రోజూ ఫోనులో నాలుగు ముక్కలు రాసి పంపుతాను. ఒక అక్షరం తప్పు పడితే ఫోనే సరైన మాట చూపిస్తుంది, తోడికోడలి ఎగతాళీ లేదు. సుఖంగానే ఉంది. కాకపోతే, ఆ తప్పును నా పక్కన నిలబడి వెనకేసుకొచ్చే మనిషి కూడా లేదు.